పెట్టెలో ఆవిడ

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కాజాలమ్మ కీడెంచడం దగ్గరే ఆగిపోయేది. మేలెంచే దాకా రావడానికి ఆమెకి తీరిక ఎక్కడిది? భర్త ఆలస్యంగా ఇంటికొస్తే ఏ లారీ కిందో పడ్డాడనుకునేది. పెందరాళే వస్తే ఉద్యోగం ఊడగొట్టుకుని వచ్చాడనుకునేది. సరిగ్గా వేళకి వస్తే, ఈయన ఇంత వేళకి రావడం వెనక ఏముందా అని ఆలోచనలో పడేది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. బట్టల కార్ఖానా నుంచి చొక్కాలు తెచ్చుకుని, ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టేది కాబట్టి కాజాలమ్మ అయింది. ఆ కిటికీలోంచి వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించేది. కొత్తమనిషి ఎవరైనా వీధిలో రెండోసారి నడిస్తే సూది ఆగేది. మూడోసారి నడిస్తే తలుపు గడియ పడేది. ఇంటికి చుట్టాలొచ్చినా, ఎందుకొచ్చారో తేలేదాకా వాళ్ళకి మంచినీళ్ళు కూడా నిదానంగానే వచ్చేవి.

ఆమెకి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు నిద్రలో కూడా వాగేదని పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ నోరే పిచ్చుకకి కూడు పెట్టింది. ఊరి నడిబొడ్డున ఉన్న పాతకాలపు పెద్ద రైల్వే స్టేషన్‌లో, వచ్చేపోయే వాళ్ళకి స్టేషన్ తిప్పి చూపించే పనిలో చేరింది. నీలం రంగు కోటు, మెడలో కార్డు, చేతిలో చిన్న జెండా. ఇంకా పక్కా ఉద్యోగం కాదు. ఈ నెలాఖరుకి ఉంచుకుంటారో ఇంటికి పంపేస్తారో సూపర్‌వైజర్ మేడం తేలుస్తుంది. ఆ ఉద్యోగం కోసం పిచ్చుక పడే తపన చూస్తే కాజాలమ్మకి గుండెల్లో రాయి పడేది. అంతగా కోరుకున్నది చేతికందాక జారిపోతే పిల్ల ఏమైపోతుందోనని ఒక భయం. జారిపోకుండా నిలిస్తే, రోజూ వేలమంది ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య ఈ పిల్ల బతకాలే అని ఇంకో భయం.

పైగా, తల్లి ఎన్నడూ స్టేషన్‌కి రాకూడదని పిచ్చుక మాట తీసుకుంది. నువ్వొస్తే అందరినీ ఆరా తీస్తావు, నా పరువు పోతుంది అంది. కాజాలమ్మ సరేనంది కానీ, రావద్దన్న చోటే ఏదో ఉంటుందని ఆమెకి తెలియదా?

ఆ వారం ఒకదాని మీద ఒకటి పోగుపడ్డాయి. పిచ్చుక డబ్బాలో ఇద్దరికి సరిపడా తిండి పెట్టుకుని వెళ్తోంది. అటక మీద ఉండాల్సిన గళ్ళ దుప్పటి కనిపించడం లేదు. తండ్రి దగ్గుకి తెచ్చుకున్న మందు సీసా సగం ఖాళీ అయింది, ఆయన మాత్రం తాగలేదంటాడు. కోటు జేబులో ఎప్పుడూ లేని ఒక పొడుగాటి తాళంచెవి. అదేమిటే అని అడిగితే ఆఫీసుదంది, మొహం తిప్పుకుంది. మొహం తిప్పుకుని చెప్పిన మాటలో నిజం ఎంత ఉంటుందో తొమ్మిది నెలలు మోసిన తల్లికి ఒకరు చెప్పాలా?

గురువారం సాయంత్రం పెరట్లో బట్టలు ఆరేస్తూ పిచ్చుక ఫోన్‌లో గుసగుసలాడుతోంది. కాజాలమ్మ వంటింటి కిటికీ రెక్క పక్కన ఊపిరి బిగపట్టి నిలబడింది.

"పెట్టె తాళం నా దగ్గరే ఉంది అన్నా. ఆవిడ లోపలే ఉంది. ఊపిరి సరిగ్గా ఆడట్లేదు. కదలకుండా ఉండమను, చప్పుడు బయటికొచ్చిందంటే అందరం దొరికిపోతాం. రేపు వాళ్ళు వచ్చే లోపు ఎలాగైనా పెట్టె ఖాళీ చెయ్యాలి."

కాజాలమ్మ విన్న మాటల్ని ఒక్కొక్కటిగా పేర్చుకుంది. పెట్టె. ఆవిడ. లోపల. ఊపిరాడట్లేదు. ఎవరో ఆడమనిషిని పెట్టెలో పెట్టి తాళం వేశారు, ఆ తాళం తన కడుపున పుట్టిన పిల్ల జేబులో ఉంది. ఎవడో ఆ అన్న అనేవాడు దీన్ని ఇందులోకి దింపాడు. మంచిగా మాట్లాడి ఉంటాడు. మంచిగా మాట్లాడేవాళ్ళే దింపుతారు, తిట్టేవాళ్ళు ఎప్పుడూ ఎక్కడికీ దింపరు.

భర్త నీళ్ళ పంపుహౌస్‌లో పని ముగించుకుని రాగానే సంగతంతా చెవిలో ఊదింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ, పెట్టెలో ఆడమనిషి ఎలా పడుతుందే, బొమ్మ అయి ఉంటుంది, ఆ స్టేషన్ నిండా రాతిబొమ్మలేగా అన్నాడు. బొమ్మకి ఊపిరాడదా అని నిలదీస్తే, "నీకు అనుమానం రాని రోజున నాకు అనుమానం వస్తుందే, ఒంట్లో బాగాలేదేమోనని," అని చెయ్యి కడుక్కున్నాడు. ఆయనతో ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే. గోడ నయం, గురక పెట్టదు.

కూతుర్నే అడిగేస్తే? అడిగితే పారిపోతుందేమో. పోలీసులకి చెబితే? కన్నకూతుర్ని చేతులారా పట్టిస్తుందా ఏ తల్లైనా? తెల్లారేసరికి కాజాలమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. తానే వెళ్ళి ఆ పెట్టె వెతకాలి. ఆవిడ బతికి ఉండగానే తీసి బయటికి పంపేయాలి. పిల్ల పేరు ఎక్కడా రాకూడదు. ఇచ్చిన మాట తప్పినట్టే, కానీ మాట కోసం పిల్లని పోగొట్టుకోలేదు కదా.

పిచ్చుక వెళ్ళిన కాసేపటికి కాజాలమ్మ తల మీద నుంచి శాలువా కప్పుకుని బస్సెక్కింది.

ఆ స్టేషన్‌ని బయటి నుంచి ఎన్నోసార్లు చూసింది కానీ, ఎక్కడికీ ప్రయాణం పెట్టుకోని మనిషిగా లోపలికి పోవడం ఇదే మొదలు. రైలెక్కేవాడికి రైలు తప్ప ఏదీ కనపడదు. ఏ రైలూ ఎక్కనివాళ్ళకే స్టేషన్ కనిపిస్తుంది. ఎత్తైన కప్పు, పొగచూరిన అద్దాలు, నడిచి నడిచి మధ్యలో గుంటలు పడిన రాతిమెట్లు. ఎవరు చూసినా పరుగే. స్తంభానికి ఆనుకుని కదలకుండా నిలబడ్డవాడు దొంగ అయినా అయి ఉండాలి, దొంగని పట్టేవాడైనా అయి ఉండాలి. అలాంటి వాళ్ళు ముగ్గురు కనిపించారు. సంచిని కడుపు మీదికి తిప్పుకుంది. పెట్టెలంటారా, ఎటు చూసినా పెట్టెలే. చక్రాలవి, తాళ్ళు కట్టినవి, మూలలు సొట్టపోయినవి. పెద్దది కనిపించినప్పుడల్లా ఆమె చూపు దాని కంతల మీదికే పోయింది.

పెద్ద హాలు మధ్యలో చిన్న జెండా లేచింది. దాని కింద పిచ్చుక. చుట్టూ ఇరవై మంది దాకా మెడలు పైకెత్తి వింటున్నారు. కాజాలమ్మ గుంపు వెనక ఒక లావుపాటాయన గొడుగు చాటున నిలబడింది.

"ఈ స్టేషన్‌కి నాలుగు గుమ్మాలండీ. నాలుగూ అచ్చం ఒక్కలాగే ఉంటాయి, కట్టినవాళ్ళకి మనమంటే జాలి లేదు. అందుకని గుమ్మం గుర్తుపెట్టుకోకండి, పైన చెక్కిన బొమ్మ గుర్తుపెట్టుకోండి. గుర్రం, ఓడ, గంట, చేప. చేప కింద నుంచి బయటికెళ్తే బస్సులు. గంట కింద నుంచి వెళ్తే ఆస్పత్రి. ఈ రెండూ తికమకపడి, బస్సుకని బయల్దేరి ఆస్పత్రిలో తేలినవాళ్ళున్నారు."

అందరూ నవ్వారు. కాజాలమ్మ నవ్వలేదు. నిన్న సాయంత్రం అలా గుసగుసలాడిన పిల్ల పొద్దున్న ఇంత హాయిగా ఎలా మాట్లాడగలుగుతోంది? ఆరితేరిపోయిందన్న మాట.

పిచ్చుక అలా నడిపిస్తూ జాగ్రత్తలు చెబుతోంది. సామాను మోస్తామని వచ్చే ప్రతివాడూ కూలీ కాదు, జబ్బకి ఇత్తడి బిళ్ళ ఉందో లేదో చూడాలి. టికెట్ ఒక చోట, పర్సు ఒక చోట, మతి ఇంకో చోట పెట్టుకోకూడదు. ఎదురుగా ఎవరైనా కిందపడితే చెయ్యందించే ముందు వెనక ఎవరున్నారో చూసుకోవాలి. "అడక్కుండా దారి చెప్పేవాడికి ఆ దారిలో ఏదో పని ఉంటుందండీ." ఆ ఆఖరి మాట వినేసరికి కాజాలమ్మ ఉలిక్కిపడింది. అది తన మాట. అదే కాదు, అన్నీ తన మాటలే. ముద్ద ముద్దకీ పిల్లకి నూరిపోసిన భయాలన్నీ ఇక్కడ దేశదేశాల వాళ్ళు బుద్ధిగా తలలూపుతూ వింటున్నారు. ఒకావిడైతే రాసుకుంటోంది కూడా. కాజాలమ్మకి గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే, ఇది నన్ను వెక్కిరించడం కాదు కదా అనిపించింది.

గొడుగాయన పాత బోగీ ఎప్పుడు చూపిస్తారని అడిగాడు. ఈ స్టేషన్‌లో తొలినాళ్ళలో తిరిగిన చెక్క బోగీ ఒకటి చివరి ప్లాట్‌ఫారం కొసన దాచి ఉంచారట, దాన్ని చూడ్డానికే వచ్చాడట. పిచ్చుక ఒక్క క్షణం తడబడింది. బోగీ మరమ్మతులో ఉందండీ, ఈ వారం చూపించడం లేదు అంది. మొహం తిప్పుకుంది.

గుంపు విడిపోగానే పిచ్చుక సామాను గది వైపు వడివడిగా వెళ్ళింది. ప్రయాణికులు రైలు వచ్చేదాకా తమ సామాను అప్పగించి వెళ్ళే గది అది. కిటికీ దగ్గర మీసాలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. పిచ్చుక అతని చెవిలో ఏదో అంది, అతను తల అడ్డంగా ఊపాడు, పిచ్చుక కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. కాజాలమ్మకి అంతా అరచేతిలో గీతలా కనిపించింది. ఆ అన్న వీడే. పెట్టె ఇక్కడే.

మీసాలాయన చీటీ కట్ట కోసం పక్కగదిలోకి వెళ్ళిన సందు చూసుకుని ఆమె లోపల దూరింది. అరల మధ్య చీకటిగా ఉంది. తోలు వాసన, తడి గోనె వాసన. అడుగున గోడ వారగా ఒక నల్లటి ఇనప్పెట్టె ఉంది. మనిషి ముడుచుకుంటే పడుతుంది. కాజాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మూత మీద వేలి కణుపుతో తట్టింది.

"అమ్మా, భయపడకు. నేనూ ఒక బిడ్డ తల్లినే. ఉంటే ఒక్కసారి తట్టు."

"ఎవరు తట్టాలమ్మా?" అన్నాడు వెనక నుంచి మీసాలాయన.

తర్వాత జరిగినదంతా గబగబా జరిగిపోయింది. మీసాలాయనకి ఆమె దొంగలా కనిపించింది, ఆమెకి అతను హంతకుడిలా కనిపించాడు. ఏ పెట్టె కోసం వచ్చావని అతను, ఆ పెట్టె నువ్వే చెప్పాలని ఆమె. చీటీ ఏదని అతను, ఆవిడ ఏదని ఆమె. ఆ గొడవకి కాపలా మనిషి వచ్చాడు. శాలువా కప్పుకుని, పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, సామాను లేకుండా సామాను గదిలో దొరికిన ఆడమనిషిని చూస్తే ఎవరికి మాత్రం అనుమానం రాదు? ఇన్నేళ్ళూ లోకాన్నంతా అనుమానించిన కాజాలమ్మని జీవితంలో మొదటిసారి లోకం అనుమానించింది. ఇంత మంట పుడుతుందని ఆమెకి తెలియదు.

సూపర్‌వైజర్ మేడం గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద స్టేషన్ పటం. మేడం జుట్టు నెరిసిన సన్నటి మనిషి. కళ్ళజోడు పైనుంచి చూసింది. దారితప్పిన వాళ్ళతో మాట్లాడే పని పిచ్చుకది కాబట్టి ముందే ఆమెని పిలిపించింది. పిచ్చుక లోపలికి వచ్చి, శాలువాలో తల్లిని చూసి, తలుపు దగ్గరే బిగుసుకుపోయింది. కాజాలమ్మ ఆ పిల్ల ఎవరో తెలియనట్టు గోడ మీది పటం వైపు చూసింది. ఆ పిల్ల పేరు నోట రాకూడదు, చంపినా రాకూడదు అనుకుంది.

ఏం జరిగిందని మేడం అడిగింది. కాపలా మనిషి చెప్పాడు, "ఏమో మేడం, పెట్టెలో ఆడమనిషి ఉంది, ఊపిరాడట్లేదు, బయటికి తియ్యండి అంటోంది."

మేడం కలం కింద పెట్టింది. తల తిప్పి సూటిగా పిచ్చుక మొహంలోకి చూసింది.

కాజాలమ్మకి అప్పటికి తెలియని సంగతి ఒకటుంది. ఊళ్ళో వాళ్ళందరూ బోగీ అనేదాన్ని ఆ స్టేషన్‌లో పనిచేసే వాళ్ళు పెట్టె అంటారు. ముందు పెట్టె, వెనక పెట్టె, పెట్టెలు తగిలించడం, పెట్టెలు విప్పడం. వచ్చేపోయే వాళ్ళతో బోగీ అంటారు, తమలో తాము పెట్టె అంటారు. స్టేషన్‌లోనే జుట్టు నెరిసిన మేడంకి పెట్టె అంటే ఇనప్పెట్టె గుర్తుకు రానే రాదు. ఆ స్టేషన్‌లో తాళం వేసి ఉన్న పెట్టె ఒక్కటే. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మేడంకి తెలుసు.

"పెట్టెలో ఎవరున్నారు?" అని అడిగింది పిచ్చుకని.

కూతురు పేరు రాకూడదని నోరు కుట్టేసుకున్న తల్లే కూతుర్ని పట్టించేసింది. ఎలా పట్టించిందో కూడా ఆమెకి అర్థం కాలేదు. పిచ్చుక కోటు జేబుని చేత్తో మూసుకోవడం మాత్రం కనిపించింది. అంతే, కాజాలమ్మ ఆగలేకపోయింది. ఆ తాళంచెవి నేనే దొంగిలించాను, ఈ అమ్మాయికి ఏమీ తెలియదు, అసలు ఈ అమ్మాయి ఎవరో కూడా నాకు తెలియదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"అమ్మా, నువ్వు ఊరుకో," అంది పిచ్చుక.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కాపలా మనిషిని బయటికి పంపేసింది. పదండి చూద్దాం అంది.

చివరి ప్లాట్‌ఫారం కొసన, రైళ్ళు రాని పట్టాల మీద, ఆకుపచ్చ రంగు వెలిసిన చెక్క బోగీ నిలబడి ఉంది. పిచ్చుక తాళం తీసింది. లోపల చెక్క బెంచీలు, ఇత్తడి కొక్కేలు, మందు వాసన. మూల బెంచీ మీద గళ్ళ దుప్పటి కప్పుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్ ఊడ్చి తుడిచే ఆయమ్మ. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు చప్పుడు. మేడంని చూసి లేవబోయింది, లేవలేక కూర్చుంది.

పిచ్చుక నేల చూపులు చూస్తూ చెప్పింది. ఆయమ్మ ఉంటున్న పాత మేడ కూలిపోయేలా ఉందని అందర్నీ ఉన్నపళాన బయటికి పంపేశారు. ఆమెకి ఒక మేనకోడలు ఉంది, పై వారం కొత్త ఇంట్లోకి మారాక తీసుకెళ్తానంది. పని లేని వేళ వెయిటింగ్ రూమ్‌లో పడుకోవడానికి ఒప్పుకోరు. బయట చలికి ఉబ్బసం పెరిగింది. సామాను గదిలో పనిచేసే అన్నా, తనూ కలిసి నాలుగు రోజులు ఇక్కడ ఉంచుదామనుకున్నారు. ఇవాళ పెట్టె చూడ్డానికి పై ఆఫీసు వాళ్ళు వస్తున్నారని తెలిసి, మేనకోడలికి పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నారు, ఎత్తడం లేదు.

అరవై మంది పట్టే పెట్టెని తాను నల్లటి ఇనప్పెట్టెలో వెతికింది. కాజాలమ్మకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తన దుప్పటి వైపు చూసింది. ఇంటికి తీసుకురాకుండా ఈ చెక్కల్లో పెట్టడమేమిటే, చచ్చిపోతే ఏమయ్యేది అని కూతురి మీద విరుచుకుపడబోయింది.

"ఇంటికి తీసుకొస్తే నువ్వు గుమ్మం దాటనిస్తావా అమ్మా?"



మేడం తను చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పింది. "మధ్యాహ్నం భోజనాల వేళకి వాళ్ళొస్తారు. అప్పుడు ఈ పెట్టెలో బెంచీలు తప్ప ఏమీ ఉండకూడదు. ఉంటే నేను రాయాల్సిందే, రాశాక నీ ఉద్యోగం గురించి నన్ను అడగొద్దు." చెప్పి, దిగి వెళ్ళిపోయింది.

పిచ్చుక మళ్ళీ ఫోన్ పట్టుకుంది. అవతల మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. కాజాలమ్మ కూతురి మొహం చూసింది. ముసలావిడ మొహం చూసింది. ఈ మేనకోడలు అసలు ఉందా? ఉబ్బసమేనా, అంటుకునే జబ్బా? ఒకసారి ఇంట్లో అడుగుపెడితే వెళ్తుందా? అయినా నోరు తెరిచింది. మా ఇంటికి రండి, పై వారం దాకా ఉందురుగాని, మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి అంది. గొంతు తేనెలో ముంచినట్టు వచ్చింది.

ఆయమ్మ తన చేతిసంచిని ఒడిలోకి లాక్కుంది.

"నువ్వెవరో నాకు తెలీదు. పిల్ల మంచిదే. పిల్ల మంచిదైతే తల్లి మంచిదవ్వాలని ఎక్కడుంది? నేను రాను."

పిచ్చుక బతిమాలింది. మీసాలాయన వచ్చి బతిమాలాడు. ఎంత బతిమాలితే ఆమె అంత బెంచీకి అతుక్కుపోయింది. వీళ్ళందరికీ నన్ను పంపేయాలని ఇంత తొందరెందుకు అన్నట్టు ఒక్కొక్కరినీ చూసింది. ఆ చూపు కాజాలమ్మకి బాగా తెలిసిన చూపు. తనతో ఎవరైనా మా ఇల్లు మీ ఇల్లే అనుంటే ఏం చేసేది? గడియ వేసుకునేది. నవ్వు మొహంతో చెయ్యి పట్టుకుంటే? కేకలు పెట్టేది. ఈ పిల్లలకి ఈ మనిషి అర్థం కాదు. అర్థమయ్యేది ఆ పెట్టెలో తనొక్కదానికే.

ఎదుటి బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు సర్దుకుంది. ఈసారి గొంతులో తేనె లేదు.

"నన్ను నమ్మొద్దు. నేనూ మిమ్మల్ని నమ్మడం లేదు. మీ సంచి మీ చేతిలోనే ఉంచుకోండి. మీకిచ్చే గదికి లోపలివైపు గడియ ఉంది, ఇనపది, నేనే వేయించాను. వీధితలుపు రెండో తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి, ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు పోవచ్చు. నేను మాత్రం నా బీరువాకి తాళం వేసుకుంటాను. ముందే చెబుతున్నాను."

ఆయమ్మ మొదటిసారి ఆమెని నిదానంగా చూసింది.

"ఇంట్లో మగాళ్ళు?"

"ఒకడే. తినడం, నిద్రపోవడం తప్ప ఏదీ చేతకాదు."

"గురక పెడతాడా?"

"పెడతాడు."

"నాకు నిద్ర పట్టదు."

"నాకు మాత్రం పడుతుందా. ఇద్దరం మేలుకునే ఉందాం."

ముసలావిడ గొంతులో పిల్లనగ్రోవి కాసేపు ఊదింది. అసలు ప్రశ్న అప్పుడు అడిగింది. "నా మీద జాలితో పిలుస్తున్నావా, నీ కూతురి ఉద్యోగం కోసం పిలుస్తున్నావా?"

పక్కన పిచ్చుక, జాలితోనే అనమన్నట్టు తల్లి మోచెయ్యి గిల్లింది. కాజాలమ్మ చెయ్యి లాగేసుకుంది.

"దాని ఉద్యోగం కోసమే."

"అలా చెప్పు," అంది ఆయమ్మ. సంచి భుజానికి తగిలించుకుని, బెంచీ పట్టుకుని లేచింది.

పెట్టె మెట్లు దింపడానికి మీసాలాయన చెయ్యిచ్చాడు. పిచ్చుక దుప్పటి మడిచి, కిటికీలన్నీ తెరిచి, మందు వాసన పోయేలా జెండాతో విసిరింది. భోజనాల వేళకి ఇంకా ఉండగానే మేడం తిరిగొచ్చింది. లోపలికి తొంగి చూసింది, బెంచీలు తప్ప ఏమీ లేవు. ప్లాట్‌ఫారం మీద చేతిసంచితో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళ వైపు మాత్రం చూడలేదు. తాళంచెవి కోసం చెయ్యి చాపింది. పిచ్చుక ఇచ్చింది.

"వాళ్ళకి పెట్టె సంగతులు చెప్పడానికి మనిషి కావాలి. మొహం కడుక్కుని రా," అంది మేడం.

కావాలి అన్నదంటే ఉంచుకుంటుందనా, ఇవాళ్టికి మాత్రమేనా? కాజాలమ్మ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నడిచింది. నడవడం కూడా అంత సులువుగా జరగలేదు. మీరు ముందు నడవండని ఆమె అంటే, నువ్వే ముందు నడువమ్మా అని ఆయమ్మ. వెనక ఎవరున్నారో తెలియకుండా నడవడం ఇద్దరికీ చేతకాదు. చివరికి పక్కపక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంతో బస్సు దాకా వెళ్ళారు. బస్సులో ఆయమ్మ తలుపు పక్కన సీటు చూసుకుంది. కాజాలమ్మ ఆమె కనిపించేలా ఎదురు సీటు చూసుకుంది.

ఇంటికి రాగానే గది చూపించింది. ఆయమ్మ గడియని రెండుసార్లు వేసి తీసి చూసింది. కాజాలమ్మ అన్న మాట ప్రకారం, వినపడేలా బీరువాకి తాళం వేసింది. ఆ చప్పుడు ఆగగానే గది లోపల గడియ పడింది.

కిటికీ పక్కన కూర్చుని చొక్కా ఒడిలోకి తీసుకుంది కానీ సూది సాగలేదు. పిచ్చుక సాయంత్రం ఏ మొహంతో వస్తుందో. లోపల దగ్గు మొదలైంది. ఆగి, మళ్ళీ మొదలైంది. కాజాలమ్మ సూది గుచ్చి పక్కన పెట్టి, వంటింట్లో నీళ్ళు కాచి, గ్లాసుతో వచ్చి తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనే."

"ఎందుకు?"

"వేడినీళ్ళు."

తలుపు సందు దగ్గర ఒక కన్ను కనిపించింది.

"నువ్వు ముందు ఒక గుక్క తాగు."

కాజాలమ్మకి ఆ మాట తప్పుగా తోచలేదు. ఆ కన్నుకి కనిపించేలా గ్లాసు పైకెత్తి, ఊదుకుని, ఒక గుక్క తాగింది. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.